ఆకాశమున ఇంజను ఆగినచో

పటమటలో బడికి పోవు ఏ విద్యార్థినైనను ఆపి, "ఆకాశమున పోవుచున్న హెలికాప్టరు ఇంజను ఆగిపోయినచో ఏమగును?" అని అడిగినచో, "రాయివలె పడిపోవును" అని తడువుకొనక చెప్పును. విద్యార్థి మాట యేల, పెద్దలలో కూడ అనేకుల నమ్మకము అదియే. విమానమునకు రెక్కలు కలవు, కావున ఇంజను ఆగినను అది కొంతదూరము గాలిలో జారిపోగలదు. హెలికాప్టరునకు పైన తిరుగు పంకా ఒక్కటే ఆధారము, అది ఆగిన పిమ్మట ఇక మిగులునది ఏమి అని వారి తర్కము. తర్కము బాగుగనే యున్నది గాని అందొక పొరపాటు కలదు. ఇంజను ఆగినంత మాత్రమున పంకా ఆగదు. పైలటు చేయవలసిన పనిని చేయవలసిన క్షణమున చేసెనా, అది నేల చేరువరకు తిరుగుచునే యుండును. ఆ క్షణము మాత్రము మిక్కిలి చిన్నది. హెలికాప్టరు పైలటుల శిక్షణలో హెచ్చుభాగము ఆ చిన్న క్షణము కొరకే యనిన అతిశయోక్తి కాదు.

కృష్ణా డెల్టా వాసులకు హెలికాప్టరు క్రొత్త వస్తువు కాదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగరు మున్నగు పేటలు నీట మునిగినప్పుడు, వైమానిక దళము, నౌకాదళముల హెలికాప్టరులు మేడలపై నిలిచిన జనులకు ఆహారపు పొట్లములు జారవిడిచినవి. అదే సమయమున ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణలో 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు ప్రవహించినది. ఇండ్ల కప్పులకు కొలది మీటర్ల ఎత్తున, ముందునకు కదలక, అట్లు గాలిలో నిలిచియుండుట చూచువారికి సులభముగ తోచును. హెలికాప్టరు చేయు పనులలో అంతకంటె ప్రమాదకరమైనది మరియొకటి లేదు. కారణము తెలియుటకు ముందు యంత్రమును కొంత ఎరుగవలెను.

పైన తిరుగు పెద్ద పంకాను రోటరు అందురు. దాని రేకులు నిజమునకు విమానపు రెక్కల వంటివే. విమానము తానే పరుగెత్తి రెక్కలకు గాలి తగులునట్లు చేసికొనును. హెలికాప్టరు తాను నిలిచియుండి రెక్కలను మాత్రము పరుగెత్తించును. ఎంత వేగముతో పరుగెత్తించునో చూడుడు. బెల్ 206 అను చిన్న హెలికాప్టరు రోటరు వ్యాసము 10.16 మీటర్లు, అది నిమిషమునకు సుమారు 394 మార్లు తిరుగును. వృత్తపరిధిని భ్రమణముల సంఖ్యతో గుణించి చూచినచో, రెక్క కొన సెకనుకు 210 మీటర్లు, అనగా గంటకు 750 కిలోమీటర్లకు పైబడిన వేగముతో పోవుచున్నట్లు తేలును. ఈ వేగమే హెలికాప్టరునకు ప్రాణము.

పైలటు ఎడమచేతి ప్రక్కనున్న మీట పేరు కలెక్టివ్. దానిని పైకెత్తినచో రెక్కలన్నియు ఒక్కసారిగా ఎక్కువ వాలుతో గాలిని కోయును. యంత్రము పైకి లేచును. దింపినచో వాలు తగ్గి యంత్రము క్రిందికి దిగును. కుడిచేతిలోని కడ్డీ సైక్లిక్. అది తిరుగుచున్న రోటరును ముందునకో వెనుకకో ప్రక్కకో వంచి, యంత్రమును ఆ దిక్కునకు నడపును. కాళ్ళ క్రింది పెడళ్ళు తోకనున్న చిన్న రోటరు కొరకు. పెద్ద రోటరును ఒకవైపు త్రిప్పు ఇంజను, న్యూటన్ మూడవ సూత్రము ననుసరించి, యంత్రపు దేహమును రెండవవైపు త్రిప్పజూచును. దాని నాపుటకే ఆ తోక రోటరు. అమెరికాలో తయారగు హెలికాప్టరుల రోటరు, పైనుండి చూచినచో, సాధారణముగ అపసవ్యదిశలో తిరుగును. ఫ్రెంచివారి నమూనాపై మనదేశమున హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ నిర్మించిన చేతక్ రోటరు సవ్యదిశలో తిరుగును. కావున ఒకదానిలో ఎడమకాలు చేయు పనిని రెండవదానిలో కుడికాలు చేయవలెను. ఒకటి నేర్చి రెండవదాని కెక్కిన పైలటునకు కొన్నిదినములు కాళ్ళు మాట వినకుండుట వింత కాదు.

ఇంజనుకును రోటరుకును నడుమ రెండు ముఖ్యమైన భాగములు కలవు. ఒకటి ఇంజను అధిక వేగమును రోటరునకు తగినంతగా తగ్గించు గేరుపెట్టె. రెండవది ఫ్రీవీలు. ఈ రెండవదానిని గూర్చి పటమట ప్రక్కనున్న ఆటోనగరులో ఏ పనివానికిని వివరింప నక్కరలేదు. సైకిలు తొక్కు బాలునకును తెలియును. పల్లమున సైకిలు పోవునప్పుడు కాళ్ళు ఆపినను వెనుకచక్రము తిరుగుచునే యుండును. పెడలు చక్రమును త్రిప్పగలదు గాని ఆగిన పెడలు చక్రమును ఆపలేదు. హెలికాప్టరులో కూడ అంతే. ఇంజను ఆగిన మరుక్షణమున ఫ్రీవీలు రోటరును దాని బంధమునుండి విడిపించును. ఈ చిన్న సాధనము లేనిచో, ప్రారంభములో విద్యార్థి చెప్పిన సమాధానమే సరియైనదగును.

రోటరు విడుదలైనది, కాని ఎంతసేపు తిరుగును? పైకెగురుచున్న సమయమున ఇంజను ఆగినదనుకొనుడు. కలెక్టివ్ మీట ఎత్తియే యున్నది. రెక్కలు అధికమైన వాలుతో గాలిని కోయుచున్నవి. త్రిప్పు బలము పోయినది గాని అడ్డగించు బలము పోలేదు. రోటరు వేగము వెంటనే పడిపోజొచ్చును. భ్రమించు వస్తువులోని గతిజశక్తి వేగపు వర్గమునకు అనుపాతమున నుండునని విద్యార్థులు చదివియున్నారు. వేగము నూటికి 90 అయినచో శక్తి 81 మాత్రమే మిగులును. 80 అయినచో 64. అంతేకాదు, రెక్కలను బయటికి లాగి బిగువుగ నుంచునది కేవలము వాని భ్రమణమే. వేగము తగ్గినకొలది రెక్కలు బరువుచేత పైకి వంగును. ఇంకను తగ్గినచో గాలి రెక్కను అంటుకొని పారుట మాని విడివడిపోవును. అప్పుడు రెక్క, రెక్క కాదు, వట్టి పలక. ఆ స్థితికి చేరిన రోటరును మరల వేగమునకు తెచ్చు ఉపాయము లేదు. రాబిన్సన్ ఆర్-22 వంటి తేలికపాటి శిక్షణ హెలికాప్టరులో పైలటు చేయి కదలుటకు గల వ్యవధి ఇంచుమించు ఒక సెకను. అనుభవజ్ఞుడైనను ఆలోచించుటకు ఆ కాలము చాలదు.

ఆ సెకనులో చేయవలసినది ఒక్కటే: కలెక్టివ్ మీటను అడుగువరకు దింపవలెను. దానితోపాటు, ఇంజను త్రిప్పుడు పోయినందున ప్రక్కకు తిరుగబోవు ముక్కును పెడలుతో నిలుపవలెను. సైక్లిక్ కడ్డీని అవసరమైనంత వెనుకకు లాగి ముక్కు క్రిందికి వాలకుండ చూడవలెను. చదువుటకు ఇది సులభము. కాని క్రిందికి పడుచున్నానని తెలిసిన మనుష్యుడు పైకి లాగబోవునే గాని, ఇంకను క్రిందికి పోవు మీటను స్వయముగ నొక్కడు. స్వభావము ఒకటి చెప్పును, భౌతికశాస్త్రము వేరొకటి చెప్పును. స్వభావమును వెనుకకు నెట్టి శాస్త్రమును చేతికి అలవాటు చేయుటయే గురువు చేయు పని. అందుచేత ఈ అభ్యాసమును ఒకటి రెండు మార్లు కాదు, నూర్లకొలది మార్లు చేయింతురు. మొదట "ఇప్పుడు ఇంజను తగ్గించుచున్నాను" అని చెప్పి తగ్గింతురు. కొంతకాలమునకు చెప్పుట మానుదురు. శిష్యుడు వార్తాయంత్రమున మాటలాడుచున్నప్పుడో, పటము చూచుచున్నప్పుడో గురువు థ్రాటిలును త్రిప్పివేయును. ఇంజను చప్పుడు తగ్గుట చెవినపడుటయు, ఎడమచేయి దిగుటయు ఒక్కటే కావలెను. హైదరాబాదు చెంతనున్న హకీంపేటలోని హెలికాప్టరు శిక్షణ పాఠశాలలో చేతక్ పై ఎక్కిన యువవైమానికులు ఈ విద్యనే అభ్యసించినారు.

మీట దిగిన పిమ్మట జరుగునది కొంచెము వింతగ నుండును. ఇంతవరకు రోటరు గాలిని పైనుండి క్రిందికి త్రోయుచుండెను. ఇప్పుడు యంత్రము దిగుచున్నది గనుక గాలి క్రిందినుండి పైకి రెక్కలలోనుండి పోవును. తిరునాళ్ళలో పిల్లలు కొను కాగితపు గాలిపంకాను ఎదురుగాలి త్రిప్పినట్లు, ఈ గాలియే రోటరును త్రిప్పును. రెక్క అంతయు ఒకే పని చేయదు. మొదలుభాగము నెమ్మదిగా కదలుటచే అంతగ ఉపయోగపడదు. నడిమి భాగము గాలినుండి శక్తిని పుచ్చుకొని రోటరును ముందునకు లాగును. కొనభాగము ఆ శక్తిని వ్యయపరచి యంత్రపు బరువును మోయును. ఒకే రెక్కలో సంపాదించువాడును ఖర్చుపెట్టువాడును కూడ కలరన్నమాట. ఆదాయవ్యయములు సమమైనప్పుడు రోటరు స్థిరవేగముతో తిరుగును. దీనినే ఆటోరొటేషన్, తెలుగున స్వయంభ్రమణము అందురు. మహాగని చెట్టు క్రింద నిలిచినవారు దాని విత్తనము ఒంటిరెక్కతో గిరగిర తిరుగుచు నెమ్మదిగా దిగుట చూచియుందురు. మాధవీలత కాయకు మూడు రెక్కలుండును. అదియు నట్లే దిగును. ఆ విత్తనములకు ఇంజను ఎక్కడిది? స్పెయిను దేశీయుడు హువాన్ డి లా సియర్వా 1923లో ఎగిరించిన ఆటోజైరో యంత్రపు రోటరునకును ఇంజను లేదు. గాలియే దానిని త్రిప్పినది. నిజమైన హెలికాప్టరు వాడుకకు వచ్చుటకు ముందే ఈ సూత్రము గాలిలో ఋజువైనది.

ఇంజను లేనిచో శక్తి ఎచ్చటినుండి వచ్చినదను ప్రశ్న తరగతిలో తప్పక పుట్టును. అది ఎత్తునుండి వచ్చినది. వేయి కిలోగ్రాముల హెలికాప్టరు సెకనుకు 8 మీటర్ల చొప్పున దిగుచున్నదనుకొనుడు. బరువును గురుత్వ త్వరణముతోడను, దిగు వేగముతోడను గుణించినచో 78,400 వాట్లు వచ్చును. ఇది సుమారు 105 అశ్వసామర్థ్యము. అనగా ఎత్తు కరగుచున్నంతసేపు, భూమ్యాకర్షణయే ఒక మంచి మోటారుకారు ఇంజనువలె రోటరును త్రిప్పుచున్నదన్నమాట. ఈ ఇంజనునకు పెట్రోలు అక్కరలేదు గాని, ఎత్తు అయిపోయిన వెంటనే ఇది కూడ ఆగిపోవును. 300 మీటర్ల ఎత్తునుండి బయలుదేరినచో నేల చేరుటకు 40 సెకనులైనను పట్టదు.

ఎత్తు సమృద్ధిగ నున్నచో ఏమి సాధ్యమో 1972 జూన్ 21న ఫ్రెంచి పైలటు జాఁ బూలే చూపినాడు. అతడు లామా అను హెలికాప్టరును 12,442 మీటర్ల ఎత్తునకు, అనగా ఎవరెస్టు శిఖరమును మించి మూడున్నర కిలోమీటర్లు పైకి, తీసికొనిపోయెను. అచ్చట దిగుటకై శక్తిని తగ్గించగా ఇంజను ఆరిపోయినది; తిరిగి అంటుకొనలేదు. ఆ ఎత్తునుండి నేలవరకు అతడు స్వయంభ్రమణముతోనే క్షేమముగ దిగెను. హిమాలయములలో భారత సైన్యమునకు కావలసిన అవసరమును బట్టి రూపొందిన యంత్రమే ఆ లామా. మనదేశమున చీతా అను పేర నిర్మింపబడినది.

దిగుట యొక యెత్తు, నేల నానుట ఒక యెత్తు. సెకనుకు 8 మీటర్ల వేగముతో నేలను తాకినచో మనుష్యులు బ్రతుకుట కష్టము. ఇక్కడ శక్తి నిలువయుండు గాదెలు మూడని గ్రహింపవలెను: ఎత్తు, ముందువేగము, రోటరు భ్రమణము. పైలటు ఒకదానినుండి తీసి వేరొకదానిలో పోయుచు, మూడును ఒక్కసారిగ నేలవద్ద ఖాళీయగునట్లు చూడవలెను. బెల్ 206 వంటి యంత్రములో దిగునప్పుడు ముందువేగమును సుమారు 52 నుండి 69 నాట్ల నడుమ, అనగా గంటకు 96 నుండి 128 కిలోమీటర్ల నడుమ, నిలుపుదురు. తక్కువ వేగమున గాలిలో ఎక్కువసేపు నిలువవచ్చును. ఎక్కువ వేగమున ఎక్కువ దూరము పోవచ్చును. గంటకు 100 కిలోమీటర్ల వేగములో ఎంత శక్తి దాగియున్నదో లెక్కించినచో, అది 39 మీటర్ల ఎత్తుతో సమానమని తేలును. ఇది చిన్న నిలువ కాదు. నేల 15, 20 మీటర్ల దూరమున నుండగా పైలటు సైక్లిక్ కడ్డీని వెనుకకు లాగి ముక్కు నెత్తును. ముందువేగము తగ్గును, దిగు వేగము తగ్గును, రోటరు వేగము మాత్రము కొంచెము పెరుగును. రెండవ గాదెలోని ధాన్యము మూడవదానిలో పడినది. పిమ్మట యంత్రమును సమతలముగ చేసి, కట్టకడపట, నేల ఒకటి రెండు మీటర్ల దూరమున నుండగా, ఇంతవరకు దింపియుంచిన కలెక్టివ్ మీటను ఎత్తవలెను. రోటరులో మిగిలిన శక్తి యంతయు ఆ ఒక్క ఎత్తుతో వ్యయమైపోవును. ముందుగ ఎత్తినవాడు గాలిలో నిలిచి, రోటరు నీరసించి, దబ్బున పడును. ఆలసించినవాడు ఎత్తక మునుపే నేలను గ్రుద్దుకొనును. రెండవ అవకాశము లేదు.

ఇప్పుడు వరదనాటి దృశ్యమునకు తిరిగి రావచ్చును. నేలకు మూడు మీటర్ల ఎత్తున నిలిచిన హెలికాప్టరు ఇంజను ఆగినచో రోటరులోని నిలువశక్తియే దానిని మెల్లగ దింపుటకు చాలును. 300 మీటర్ల ఎత్తున నిలిచియున్నచో ముక్కు వంచి ముందువేగము సంపాదించుటకు తగినంత ఎత్తు కలదు. ఈ రెంటికి నడుమ, ముప్పది మీటర్లనుండి నూరు మీటర్లవరకు, ముందువేగము లేక నిలిచిన యంత్రమునకు ఒక గాదెలోను చాలినంత నిలువ లేదు. ప్రతి హెలికాప్టరు గ్రంథములోను ఎత్తును నిలువుగను, వేగమును అడ్డముగను గుర్తించి గీసిన ఒక పటముండును. అందు నల్లగ పూసిన భాగము ఇదియే. ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై గీసి చూపవచ్చును. శిక్షణలో నున్న పైలటు నిట్టనిలువుగ పైకి లేవడు. నేలకు దగ్గరగనే ముందునకు సాగి, వేగము పుంజుకొని, ఆ నల్లని భాగమును చుట్టి పైకి పోవును. చూచువారు "హెలికాప్టరు కూడ విమానమువలె పరుగెత్తవలెనా" అని నవ్వుదురు, నవ్వనిండు. వరదబాధితుల ఇంటిపై నిలిచిన పైలటు ఆ నల్లని భాగములోనికి తెలిసియే పోయియున్నాడు. పెద్ద హెలికాప్టరులకు రెండింజనులుండుటకు ఇదియొక కారణము.

అట్లు నిలిచి దిగునప్పుడు ఇంజను చక్కగ నున్నను వేరొక ఆపద కలదు. రోటరు క్రిందికి త్రోసిన గాలిలోనికే యంత్రము నిటారుగ, త్వరగ దిగినచో, ఆ గాలి రెక్కల కొనలచుట్టు తిరిగి మరల పైనుండి వచ్చి సుడి కట్టును. తాను కలచిన సుడిలో తానే మునుగుచున్నట్లగును. మీట ఎత్తినకొలది సుడి బలపడును గాని యంత్రము లేవదు. ఇచ్చట కూడ స్వభావము పైకి లాగుమనును. విధి మాత్రము సైక్లిక్ ను ముందునకు నెట్టి, సుడిలోనుండి బయటి గాలిలోనికి పొమ్మనును.

స్వయంభ్రమణములో దిగు పైలటునకు దిగుచోటును ఏరుకొనుటకు కొలది సెకనులే యుండును. అందుచేత ఇంజను చక్కగ తిరుగుచున్నప్పుడే, "ఇప్పుడు ఆగినచో ఎక్కడ దిగుదును?" అని ఎడతెగక వెదకుచుండవలెనని నేర్పుదురు. కృష్ణా డెల్టాపై ఈ ప్రశ్నకు సమాధానము ఋతువును బట్టి మారును. కోతలైన పొలము మంచిదే, గట్లు చూచుకొనవలెను. నాట్లు వేసిన మడిలో బురద హెలికాప్టరు కాళ్ళను పట్టి, ముందువేగము మిగిలియున్నచో, బోర్లద్రోయును. కాలువగట్ల వెంబడి కొబ్బరిచెట్లు, రోడ్లవెంబడి కరెంటు తీగలు. తీగ పైనుండి కనబడదు. స్తంభమును చూచి తీగ యున్నదని ఊహింపవలెను. గాలికి ఎదురుగ దిగవలెను గనుక దాని దిక్కు తెలియవలెను: పొగ వంగిన వైపు, వరిచేల అలలు, చెరువునీటి ముడుతలు, కొబ్బరిమట్టలు, ఇవన్నియు పైలటునకు అక్షరములే.

అయితే ఈ నేలలో అన్నిటికంటె మోసకరమైనది నిశ్చలమైన నీరు. గాలి లేని వేకువన, మంచు పరచినప్పుడు, చేపలచెరువు పైభాగమున కంటికి ఆనునది ఏమియు నుండదు. దాని యెత్తును అంచనా వేయుట కష్టము. అది నీరో నేలయో కూడ తెలియదు. 2002 మార్చి 3 ఉదయమున లోక్ సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి భీమవరమునుండి బయలుదేరిన బెల్ 206 హెలికాప్టరు నాటి కృష్ణాజిల్లాలోని కైకలూరు ప్రాంతమున చేపలచెరువులో కూలినది. (2022 నుండి ఆ ప్రాంతము ఏలూరు జిల్లాలో నున్నది.) బాలయోగి, ఆయన అంగరక్షకుడు, పైలటు ముగ్గురును మరణించిరి. దృశ్యత చాలనందున దిగజూచిన పైలటు చెరువును నేలగ భ్రమించి, నీరని తెలిసి మరల పైకి లేవబోవునంతలో రోటరు కొబ్బరిచెట్టుకు తగిలినట్లు ప్రాథమిక విచారణనుబట్టి నాడు తెలియవచ్చినది. దిగుటకు నిర్ణయించుట తప్పు కాదు. మంచులోనికి చొచ్చుకొనిపోవుటకంటె దిగుట మేలని ప్రతి శిక్షకుడును చెప్పును. ఎప్పుడు నిర్ణయింపవలెననునదే ప్రశ్న. ముందు చూపు తగ్గుచున్నదని తోచిన మొదటి నిమిషమున, వెనుక నేల ఇంకను స్పష్టముగ కనబడుచుండగనే, వెనుకకు మరలుటయో, తెలిసిన నేలపై దిగుటయో చేయవలెనని శిక్షణలో నేర్పుదురు. చూపు పూర్తిగ పోయిన పిమ్మట దిగుటకు చోటు వెదకుట రెండవ ఆపదను మొదటిదానిపై పేర్చుటయే.

చేయి దానంతటది చేయవలసిన పనులు కొన్ని. పుస్తకము చూచి చేయవలసినవి కొన్ని. ఆపద్విధుల పుస్తకములో ఈ రెంటిని వేరుగ ముద్రింతురు. ఇంజను ఆగుట, మంట పుట్టుట, తోక రోటరు చెడుట మొదటి జాతివి. వీనిని ఎక్కములవలె వల్లించి యుండవలెను. తోక రోటరు పోయినచో దేహము గిరగిర తిరుగజొచ్చును. నిలిచియున్న యంత్రములో దానికి మందు ఇంజను థ్రాటిలును మూసివేయుటయే, త్రిప్పు బలము లేనిచో తిరుగుడును ఉండదు. దీపములు వెలిగి హెచ్చరించు చిన్న లోపములు రెండవ జాతివి. వానికి కూడ మూడు తరగతులు కలవు: కొన్నిటికి ఉన్నచోటనే వెంటనే దిగవలెను, కొన్నిటికి సురక్షితమైన మొదటి చోట దిగవలెను, కొన్నిటికి మరమ్మతు దొరకుచోటికి పోయి దిగవచ్చును.

గేరుపెట్టె చమురు పీడనము తగ్గినదను హెచ్చరిక పైలటును మిక్కిలి కలతపెట్టునది. కారణము స్పష్టము. ఫ్రీవీలు ఇంజనునకును గేరుపెట్టెకును నడుమనుండును. కావున ఇంజను బిగిసినచో రోటరును విడిపించును గాని, చమురు లేక గేరుపెట్టెయే బిగిసినచో ఏమియు చేయలేదు. ఇంజనులు రెండున్నను రోటరును త్రిప్పు పెట్టె ఒక్కటే. 2009 సెప్టెంబరు 2న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 ఇట్టి రెండింజనుల యంత్రమే. వర్షాకాలపు మబ్బులలో అది నల్లమల కొండలలో కూలగా అందున్న ఐదుగురును మరణించిరి. విచారణ సంఘము నిర్ణయించిన కారణము గేరుపెట్టె విరుగుట కాదు. తీవ్రమైన క్రిందిగాలిలో చిక్కి యంత్రము అదుపు తప్పుట. అయితే ప్రమాదమునకు ముందు గేరుపెట్టె చమురు పీడనమును గూర్చిన చిక్కుపై, దానికి తగిన విధిని పుస్తకమున వెదకుటపై, వైమానికుల దృష్టి చాలసేపు నిలిచిపోయినదని కూడ ఆ సంఘము గుర్తించినది. బయట వాతావరణము చెడుచుండగా లోపలి దీపము వారి కన్నులను పట్టుకొనెను.

ఆ దినమున ఆ ఇద్దరిని ఇక్కడ కూర్చుండి తప్పుపట్టుట సులభము, న్యాయము కాదు. హెచ్చరిక దీపము వెలిగినప్పుడు దానినే చూచుట ఎవరికైనను సహజము. కావుననే, పైలటులు ఇద్దరున్నప్పుడు ఒకడు యంత్రమును మాత్రమే నడుపవలెను, రెండవవాడు మాత్రమే పుస్తకము చదువవలెనని విధి యేర్పడినది. నియంత్రణము చేతులు మారునప్పుడు కూడ నోటిమాట తప్పదు: "మీరు నడుపుడు" అని ఒకడు, "నేను నడుపుచున్నాను" అని రెండవవాడు, "అవును, మీరే నడుపుచున్నారు" అని మరల మొదటివాడు. వినుటకు పిల్లల ఆటవలె నున్నను, ఇద్దరును రెండవవాడు నడుపుచున్నాడనుకొని ఎవరును నడుపకుండిన క్షణములు వైమానిక చరిత్రలో కలవు.

ఎగురుటకు పూర్వము చేయు నిత్యవిధులు ఇంత ఉద్వేగకరములు కావు, అందుచేతనే శిష్యులు వానిని తొందరగ ముగింపజూతురు. యంత్రము చుట్టు నడచి ప్రతి బోల్టును, చమురు గాజును చూడవలెను. ఇంధనపు తొట్టి అడుగునుండి కొంత ద్రవమును గాజుపాత్రలో పట్టి నీరు చేరినదేమో పరీక్షింపవలెను; తేమగాలి గల కోస్తాలో ఇది వట్టి ఆచారము కాదు. మరియు ఎండ. విజయవాడలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరిననాడు గాలి సాంద్రత, 15 డిగ్రీల ప్రామాణిక వాతావరణముతో పోల్చినచో, నూటికి తొమ్మిది వంతులకు పైగా తగ్గును. గన్నవరము విమానాశ్రయము సముద్రమట్టమునకు కొలది మీటర్ల ఎత్తుననే యున్నను, ఆనాడు హెలికాప్టరునకు మాత్రము అది వేయి మీటర్ల కొండపై, అనగా అరకులోయకన్న ఎత్తైన చోట, ఉన్నట్లే. జనవరిలో సులభముగ మోసిన బరువును మే నెలలో మోయలేక పోవచ్చును. బయలుదేరుటకు ముందు కాగితముపై ఈ లెక్క చేయని పైలటునకు, దానిని కొబ్బరిచెట్ల ఎత్తున రోటరే చేసి చూపును.

డెల్టాలోని పాఠశాలల ఆటస్థలములు ఎన్నికల కాలమునను, వరదల కాలమునను హెలికాప్టరులు దిగుచోట్లగుట కలదు. అట్టి దినమున పిల్లలను అదుపులో నుంచుభారము ఉపాధ్యాయులదే. రోటరు పూర్తిగ ఆగువరకు ఎవరును దగ్గరకు పోరాదు. పోవలసివచ్చినను, పైలటు చూచి సైగ చేసిన పిమ్మట, అతని కంటికి కనబడునట్లు ముందువైపునుండి, వంగి పోవలెను. రోటరు వేగము తగ్గుచున్నప్పుడు రెక్కలు మరింత క్రిందికి వ్రేలాడును. తోకవైపునకు ఎన్నడును పోరాదు. అచ్చటి చిన్న రోటరు మనుష్యుని ఎత్తుననే తిరుగుచుండును; వేగమువలన కంటికి కనబడదు. గొడుగులు, టోపీలు, పైట చెంగులు, నేలపై పరచిన పట్టాలు, ఎండబెట్టిన వరిగడ్డి ముందుగనే తొలగింపవలెను. రోటరు గాలికి లేచిన పట్టా రెక్కలలో చిక్కిన సందర్భములో, పైలటు ఎంత శిక్షణ పొందినవాడైనను, అతనికి మిగులునది పైన చెప్పిన మూడు గాదెలే.